తీర్పుకు ముందే జరిగే బేరాలు

(లా విద్యార్థులు, పట్టణ పౌరులు హాజరైన సభలో ఒక సీనియర్ క్రిమినల్ న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఈ మైకు వయసు నా వయసు కంటే ఎక్కువలా ఉంది.

నాకిచ్చిన అంశం డబ్బు, పలుకుబడి, న్యాయవిచారణ. ఈ మాట ఎత్తగానే బయట జనం ఏమంటారో మీకు తెలుసు. "ఆఁ, జడ్జిని కొనేశారండీ" అంటారు. టీకొట్టు దగ్గర కేసు అక్కడితో కొట్టేస్తారు. నేను సెషన్స్ కోర్టుల్లో ఇన్నేళ్లుగా తిరుగుతున్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెబుతాను. డబ్బున్న ముద్దాయికి జడ్జిని కొనాల్సిన అవసరం దాదాపుగా రాదు. ఎందుకు కొంటాడండీ? జడ్జి ముందుకు వచ్చేది కాగితం. సాక్షి చెప్పిన మాట, డాక్టరు రాసిన రిపోర్టు, ల్యాబు ఇచ్చిన అభిప్రాయం, మధ్యవర్తుల సంతకాలతో పోలీసులు రాసిన పంచనామా. ఆ కాగితం కోర్టుకు చేరే దారిలో అడుగడుగునా మనుషులుంటారు. పని అక్కడే పూర్తయిపోతే, జడ్జి ఎంత నిప్పులాంటి మనిషైనా చివర్లో "ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయింది" అని రాయాల్సిందే. సాక్ష్యం లేకుండా శిక్ష వేస్తే అది ఇంకో అన్యాయం.

కాబట్టి ఈ రోజు జడ్జి గురించి తక్కువ, ఆ దారి గురించి ఎక్కువ మాట్లాడతాను. దానికి ఢిల్లీలో 1999లో జరిగిన రెండు సంఘటనలు తీసుకుంటున్నాను. మన దగ్గర కేసులు లేవా అంటారేమో. ఉన్నాయి, చివర్లో వస్తాను. ఢిల్లీ కేసులు ఎందుకంటే, మామూలుగా చీకట్లో జరిగేవన్నీ ఆ రెండిట్లో కోర్టు రికార్డులోకి ఎక్కాయి. అలా ఎక్కడం చాలా అరుదు.

మొదటిది జెస్సికా లాల్ కేసు. 1999 ఏప్రిల్ 29 రాత్రి. మెహ్రౌలీలో కుతుబ్ మీనార్‌కి దగ్గరగా ఒక రెస్టారెంటు, లోపల పార్టీ, పెద్దపెద్దవాళ్లు, మోడళ్లు, వ్యాపారులు. జెస్సికా ఆ రాత్రి బార్ దగ్గర మద్యం అందిస్తోంది. అర్ధరాత్రి దాటాక ఒకడు వచ్చి మద్యం అడిగాడు. అయిపోయింది, ఇవ్వం అంది. పిస్తోలు తీసి ఒకటి పైకప్పుకి కాల్చాడు, రెండోది ఆమె తలకి కాల్చాడు. కాల్చినవాడు మను శర్మ. తండ్రి వినోద్ శర్మ, కేంద్రంలో మంత్రిగా చేసిన కాంగ్రెస్ నాయకుడు, హోటళ్ల వ్యాపారం ఉన్న కుటుంబం.

ఇప్పుడు మీరే చెప్పండి. హాలునిండా జనం. దీపాల వెలుగు. ఇంతకంటే సులువైన కేసు ఏ పీపీకైనా, అంటే ప్రభుత్వం తరపున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కైనా, దొరుకుతుందా? మా దగ్గర హత్య కేసుల్లో ఊరవతల పొలం గట్టు మీద శవం దొరుకుతుంది, చూసినవాడు ఒక్కడుండడు. ఇక్కడ చూసినవాళ్లే చూసినవాళ్లు. ఏమైంది? 2006 ఫిబ్రవరి 21న ట్రయల్ కోర్టు తొమ్మిదిమంది ముద్దాయిల్నీ వదిలేసింది. తొమ్మిదిమందినీ!

ఎలా జరిగింది? ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ముఖ్యంగా విద్యార్థులు. ఎఫ్ఐఆర్‌కి ఆధారమైన వాంగ్మూలం ఇచ్చిన మనిషి ఒకాయన, మోడలింగ్ చేసేవాడు, తర్వాత సినిమాల్లో కూడా చేశాడు. ఆ వాంగ్మూలం హిందీలో రాసి ఉంది, కింద ఆయన సంతకం ఉంది. కోర్టులో బోనెక్కి ఏమన్నాడు? నాకు హిందీ చదవడం రాదు, నేను ఇంగ్లీషులో చెప్పాను, వాళ్లేం రాసుకున్నారో తెలియదు అన్నాడు. పైగా కాల్చింది ఒకడు కాదు, ఇద్దరు అన్నాడు. ఇక బాలిస్టిక్ నిపుణుడు, అంటే తుపాకులు, తూటాలు పరీక్షించేవాడు. దొరికిన రెండు ఖాళీ తూటాలూ రెండు వేరువేరు ఆయుధాల నుంచి వచ్చినట్టున్నాయని అభిప్రాయమిచ్చాడు. కాల్చిన పిస్తోలేమో అసలు దొరకనే లేదు. చూశారా అల్లిక? సాక్షి ఇద్దరు మనుషులంటాడు, నిపుణుడు రెండు తుపాకులంటాడు, తుపాకీ కనపడదు. ఇక ప్రాసిక్యూషన్ కథలో ఏం మిగిలింది? సందేహం మిగిలింది. మన చట్టంలో సందేహం ఎవరి సొమ్ము? ముద్దాయి సొమ్ము.

దీని మీద ఢిల్లీ హైకోర్టు 2013లో ఆ సాక్షి మీదా, ఆ నిపుణుడి మీదా అబద్ధపు సాక్ష్యం కింద చర్య తీసుకోమంది. నిపుణుడికి 2016లో సుప్రీంకోర్టులో ఉపశమనం దొరికింది. అది పక్కన పెట్టండి. నేను చెప్పేది ఏడేళ్ల సంగతి. 1999లో హత్య, 2006లో తీర్పు. ఆ ఏడేళ్లూ ఎవరికి పని చేశాయి?

వాయిదా అంటే మనకి విసుగు. డబ్బున్న ముద్దాయికి వాయిదా అంటే ఆస్తి. ఒక్కో వాయిదాకీ సాక్షి జీవితం మారుతుంది. పెళ్లవుతుంది, ఉద్యోగం మారుతుంది, ఊరు మారుతుంది, అప్పు పడుతుంది. అతని దగ్గరికి వెళ్లడానికి ఒక మనిషి దొరుకుతాడు. బెదిరించక్కర్లేదు. "మనకెందుకు బాబూ ఈ గొడవ" అని బంధువు చేత చెప్పిస్తే చాలు.

మన కోర్టుల్లో సాక్షి పరిస్థితి మీలో ఎంతమంది చూశారు? సమను వస్తుంది, ఆ రోజు కూలి పోతుంది, పొద్దున్నే బస్సెక్కి వస్తాడు. వరండాలో నిలబడతాడు. అదే వరండాలో పక్కన ముద్దాయి, ముద్దాయి వెనక నలుగురు. మధ్యాహ్నం మూడింటికి బెంచి క్లర్కు "వాయిదా" అంటాడు. బత్తా అడిగితే వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇలా మూడుసార్లు తిరిగిన మనిషి నాలుగోసారి "నాకేం తెలియదండీ" అంటే, మనం అతన్ని అమ్ముడుపోయాడు అంటాం. కొందరు అమ్ముడుపోతారు, నిజమే. చాలామంది అలిసిపోతారు. నేను క్రాస్ ఎగ్జామిన్ చేసిన సాక్షుల్లో అలిసిపోయినవాళ్లనే ఎక్కువ చూశాను. గుజరాత్‌లో 2002 అల్లర్లప్పుడు ఒక బేకరీకి నిప్పుపెట్టి జనాన్ని చంపిన బెస్ట్ బేకరీ కేసు గుర్తుందా? మాట మార్చినందుకు ప్రధాన సాక్షికి 2006లో సుప్రీంకోర్టు ఏడాది జైలు వేసింది. వేయాల్సిందే అని వాదించొచ్చు. నేను అడిగేది ఇంకోటి. సాక్షులు తమంతట తాము మాట మార్చరు కదా. మార్పించినవాళ్లకి జైలు పడిన కేసు ఒకటి చెప్పండి. నేను ఇక్కడే నిలబడతాను, ఆలోచించి చెప్పండి.

సరే, జెస్సికా దగ్గరికి వద్దాం. తీర్పు మర్నాడు పత్రికలు మండిపోయాయి. జనం ఇండియా గేట్ దగ్గర కొవ్వొత్తులు పట్టుకున్నారు. ఛానెళ్లు ఎస్ఎంఎస్‌లు పంపమన్నాయి, లక్షల్లో వచ్చాయి. తెహల్కా పత్రిక రహస్య కెమెరాతో సాక్షుల్ని కలిసింది. ఆ గొడవలో వినోద్ శర్మ హర్యానా మంత్రి పదవి వదులుకున్నాడు. హైకోర్టు అప్పీలు విని 2006 డిసెంబరు 18న మను శర్మ దోషి అంది, 20న యావజ్జీవం వేసింది. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఇక్కడ విద్యార్థుల్ని ఒకటి అడుగుతాను. హైకోర్టు కొత్త సాక్షులెవరినైనా విచారించిందా? లేదు. అదే రికార్డు, అవే కాగితాలు. ఎదురు తిరిగినవాళ్లని పక్కనపెట్టి, నిలబడ్డవాళ్ల మాట తీసుకుంది. రెస్టారెంటు నడిపిన బీనా రమాని, ఆమె కూతురు నిలబడ్డారు. అంటే శిక్షకు సరిపోయే సాక్ష్యం ఫిబ్రవరిలోనూ ఉంది, డిసెంబరులోనూ ఉంది. మరి కొవ్వొత్తులు ఏం చేశాయి? వేగం ఇచ్చాయి. నిర్దోషి అని వదిలేసిన కేసులో అప్పీలు పది నెలల్లో తేలిపోయింది. మన జిల్లాల నుంచి వెళ్లిన అప్పీళ్లు ఎన్నేళ్లు పడుంటాయో ఈ హాల్లో ఉన్న వకీళ్లకి నేను చెప్పనక్కర్లేదు. కక్షిదారు పోతాడు, కొడుకు వస్తాడు, అప్పీలు మాత్రం అక్కడే ఉంటుంది.

జనం రోడ్డు మీదికి రావడం తప్పని నేననను. కానీ ఆ కొవ్వొత్తి ఎవరి కోసం వెలుగుతుంది అన్నది చూడాలి కదా. చంపబడినావిడ ఢిల్లీ నగరపు మనిషి, ఇంగ్లీషు మాట్లాడే కుటుంబం, టీవీ ముందు దిటవుగా నిలబడి మాట్లాడగల సోదరి సబ్రినా ఉంది. వార్తా గదుల్లో కూర్చున్నవాళ్లకి ఆమె తమలో ఒకతెలా కనిపించింది. అది కూడా ఒక రకం పలుకుబడే. డబ్బు కాకపోవచ్చు, పలుకుబడే.

ఈ కేసులో ఇంకో ముద్దాయి వికాస్ యాదవ్, ఉత్తరప్రదేశ్ నాయకుడు డీపీ యాదవ్ కొడుకు. ఇతనికి హైకోర్టు నాలుగేళ్లు వేసింది. కానీ ఈ కేసులో బెయిల్ మీద బయట ఉండగా, 2002 ఫిబ్రవరిలో, తన చెల్లెలితో స్నేహంగా ఉన్నాడని నితీశ్ కటారా అనే కుర్రాణ్ణి చంపాడు. ఆ హత్యలో తర్వాత శిక్షపడింది, సుప్రీంకోర్టు దాకా నిలిచింది. ఆలస్యం ఖరీదు ఏమిటి అని ఎవరైనా అడిగితే ఈ ఒక్క సంగతి చెప్పండి. ఏడేళ్ల విచారణ మధ్యలో ఇంకో ప్రాణం పోయింది.

శిక్షపడ్డాక కూడా తేడా పోదు. 2009లో మను శర్మకి పెరోల్ ఇచ్చారు, తల్లికి ఒంట్లో బాగాలేదన్నది కారణాల్లో ఒకటి. మనిషి ఢిల్లీలో నైట్‌క్లబ్బులో కనపడ్డాడు. 2020లో శిక్షల సమీక్షా మండలి సిఫారసుతో ముందుగానే విడుదలయ్యాడు. ఇది న్యాయంగా చెప్పాలి. అది నిబంధనల ప్రకారమే జరిగింది, తనకు అభ్యంతరం లేదని సబ్రినా కూడా అంతకు ముందే రాసిచ్చారు. అతని సోదరుడు కార్తికేయ శర్మ ఈలోగా వార్తా ఛానెళ్ల యజమాని అయ్యాడు, 2022లో హర్యానా నుంచి రాజ్యసభకి వెళ్లాడు. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. వార్త రాసేవాడు, వార్త కింద పడినవాడు ఎంత దగ్గరి చుట్టాలు కాగలరో చూడమంటున్నాను, అంతే.

రెండో కేసు అదే ఏడాది జనవరి 10. తెల్లవారుజామున లోధీ కాలనీలో పోలీసు చెకింగ్ దగ్గర ఒక కారు ఆరుగురి ప్రాణం తీసింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు పోలీసులు. నడిపినవాడు సంజీవ్ నందా, నౌకాదళ మాజీ అధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా మనవడు. కారు నుంచి నూనె కారుకుంటూ పోయింది. ఆ చారికను పట్టుకుని పోలీసులు గోల్ఫ్ లింక్స్‌లో ఒక ఇంటికి చేరారు. అక్కడ కారు కడుగుతున్నారు.

ఈ కేసుని పత్రికలు ఏమని పిలిచాయి? బీఎండబ్ల్యూ కేసు. ఈ రోజుకీ అదే పేరు. కారు బ్రాండు మనకి తెలుసు. చనిపోయిన ఆరుగురిలో ఒక్కరి పేరు ఎవరైనా చెప్పగలరా? నేను ఏ సభలో అడిగినా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నందా కుటుంబం మొదట్లోనే చనిపోయినవారి కుటుంబాలకి పదేసి లక్షలు, గాయపడ్డ మనిషికి 5 లక్షలు ఇచ్చింది. 1999లో కానిస్టేబుల్ భార్యకి, కూలివాడి భార్యకి పది లక్షలంటే ఏమిటో ఆలోచించండి. తీసుకున్నవాళ్లని నేను ఒక్క మాట అనను. కానీ విచారణ మొదలవకముందే ఒక చేతి నుంచి ఇంకో చేతికి డబ్బు వెళ్లాక, ఆ కేసులో వేడి ఎంత మిగులుతుంది? తర్వాత ప్రత్యక్షసాక్షులు ఎదురు తిరిగారు. గుద్దింది కారు కాదు లారీ అన్న మాట కూడా రికార్డులోకి వచ్చింది.

2007 మే 30న ఎన్డీటీవీ ఒక రహస్య చిత్రీకరణ ప్రసారం చేసింది. చూసి మా నల్లకోట్లవాళ్లమంతా తల దించుకున్నాం. సునీల్ కులకర్ణి అనే సాక్షి. అతనితో మాట్లాడుతున్నది ఎవరు? ముద్దాయి తరపు సీనియర్ న్యాయవాది ఆర్.కె. ఆనంద్, రాజ్యసభలో కూర్చుని వచ్చినాయన. సరే, ఆయన ముద్దాయి మనిషి. అదే చిత్రంలో ఇంకెవరున్నారు? స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఐ.యు. ఖాన్! ప్రభుత్వం తరపున, చనిపోయినవారి తరపున నిలబడాల్సిన మనిషి. హైకోర్టు 2008లో ఇద్దరినీ కోర్టు ధిక్కారం కింద దోషులంది, నాలుగు నెలలు కోర్టుల్లో కనపడొద్దంది. 2009లో సుప్రీంకోర్టు ఆనంద్ శిక్షని ఖాయం చేసింది, ఖాన్‌కి ధిక్కార శిక్ష తప్పించినా ప్రవర్తనని గట్టిగా తప్పుపట్టింది. నాలుగు నెలలు! ఆరు ప్రాణాల కేసులో సాక్షితో బేరమాడితే నాలుగు నెలలు. ఇది చాలదని సుప్రీంకోర్టే అంది. చివరికి 2012లో ఆనంద్ ఏడాదిపాటు ప్రాక్టీసు మానుకుని ఉచిత న్యాయసేవ చేస్తానని, 21 లక్షలు కడతానని ఒప్పుకున్నాడు.

నందా సంగతా? ట్రయల్ కోర్టు ఐదేళ్లు వేసింది. హైకోర్టు నేరాన్ని నిర్లక్ష్యం కింద తగ్గించి రెండేళ్లు చేసింది. 2012లో సుప్రీంకోర్టు మళ్లీ పెద్ద సెక్షనే పెట్టింది, 304 పార్ట్ 2, అంటే చంపే ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన నేరం. శిక్ష మాత్రం అప్పటికి అనుభవించినది చాలంది. పైన 50 లక్షలు, రెండేళ్లు సమాజ సేవ. తప్పు తీర్పు అని నేననడం లేదు, కారణాలు రాశారు. మన ఊరి లారీ డ్రైవరుకి ఈ ఏర్పాటు ఎవరైనా ఇస్తారా అని మాత్రం అడుగుతున్నాను. దేశం మొత్తం జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. వాళ్లలో చాలామందికి జామీను ఇచ్చే మనిషి దొరక్క లోపలున్నారు. పెద్దవాళ్లకి అరెస్టు వారెంటు చూడగానే బీపీ పెరుగుతుంది, ఆస్పత్రిలో ఏసీ గది దొరుకుతుంది. పేదవాడికి బీపీ జైలుకెళ్లాక వస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మీరు రోజూ పేపర్లో చూసే ఫొటో. మధ్యలో డీఎస్పీగారు, అటూ ఇటూ సీఐలు, ముందు బల్ల మీద కత్తో సెల్‌ఫోనో, వెనక ముసుగులేసి నిలబెట్టిన ఇద్దరు. కింద వార్త ఏముంటుంది? "విచారణలో నేరం ఒప్పుకున్నారు." అమ్మా, పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. ఇంగ్లీషువాడి కాలంనాటి ఎవిడెన్స్ యాక్టు 25వ సెక్షన్ అదే చెప్పింది, ఇప్పటి కొత్త చట్టమూ అదే చెబుతోంది. కోర్టులో చెల్లని మాట మన ఇంట్లో కాఫీతో పాటు తీర్పుగా చెల్లిపోతోంది. పోలీసు ప్రెస్ మీట్లకి పద్ధతి రాయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకి చెప్పింది. మీరు గమనించారా, ఆ ముసుగు వెనక నిలబడేది ఎప్పుడూ ఎవరు? బంజారాహిల్స్ కుర్రాణ్ణి అలా నిలబెట్టిన ఫొటో ఎన్నిసార్లు చూశారు?

2007 డిసెంబరు 27. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. పెద్ద గొడవైంది. పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు వినపడ్డాయి. ఎవరు చేశారో నేను చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. 2008 ఆగస్టులో పోలీసులు ఒక దళిత యువకుణ్ణి తెచ్చి ఇతనే అన్నారు. 2010లో విజయవాడ కోర్టు దోషి అని జైలుశిక్ష వేసింది. అమ్మాయి తల్లిదండ్రులే, చూడండి, కన్నవాళ్లే, ఇతను కాదు మొర్రో అని మొదట్నుంచీ మొత్తుకున్నారు. జైల్లో అతనికి నరాల జబ్బు ముదిరి కాళ్లు కదల్లేదు, చక్రాల కుర్చీలో తిప్పారు. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసినవాళ్ల మీద చర్యకి ఆదేశించింది. ఎనిమిదేళ్లకి పైగా జైలు, లక్ష రూపాయలు. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది.

జెస్సికా కేసులో కెమెరా దాచిన నిజాన్ని బయటికి లాగింది. ఇక్కడ అదే కెమెరా పోలీసులు చూపించినవైపు తిరిగి, పేదవాడి మొహం మీద ఆగింది. కెమెరా మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం దండగ. అది ఎవరు పిలిస్తే వస్తుందో, ఎవరు పొమ్మంటే పోతుందో చూడాలి.

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను, ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. 2019 డిసెంబరు 6, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. అంతకు కొద్దిరోజుల ముందు ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. దారుణమైన నేరం, అందులో రెండో మాట లేదు. పట్టుబడిన నలుగురు లారీల మీద పనిచేసేవాళ్లు. ఎన్‌కౌంటర్ అన్నారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు, స్వీట్లు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదు, చంపాలనే కాల్చారు, నలుగురిలో ముగ్గురు మైనర్లు అంది. పూలు చల్లినవాళ్లలో ఆ రిపోర్టు ఎంతమంది చదివారు? మను శర్మకి ఏడేళ్లు వాయిదాలు దొరికాయి. వీళ్లకి ఒక్క వాయిదా దొరకలేదు.

సరే, టైమ్ అయిపోతోందని అధ్యక్షులవారు చూస్తున్నారు. చట్టం ఏమైనా మారిందా అన్నది రెండు ముక్కల్లో. 2009 సవరణతో బాధితులకి సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. పీపీకి తోడుగా తమ వకీలుని పెట్టుకోవచ్చు. అంతకు ముందు ప్రభుత్వం అప్పీలు వద్దనుకుంటే కుటుంబం చేతిలో రివిజన్, అంటే తీర్పుని సరిచూడమని పై కోర్టుని అడగడం, తప్ప ఏమీ ఉండేది కాదు. మీ ఊళ్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే పీపీ చేస్తారులే అని కూర్చోవద్దు.

రెండోది, సాక్షి రక్షణ పథకం. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతా చట్టంగా అమలు చేయమంది. ఇప్పుడు పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రం పథకం పెట్టాల్సిందే అంటోంది. 2018 పథకంలో జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, దరఖాస్తు ఇస్తే పోలీసుల నుంచి బెదిరింపు తీవ్రతపై రిపోర్టు తెప్పిస్తారు, అవసరాన్నిబట్టి రక్షణ ఇస్తారు. ముద్దాయి, సాక్షి ఎదురుపడకుండా చూడమనొచ్చు, ఫోన్ నంబరు మార్పించుకోవచ్చు, ఇంటికి కాపలా అడగొచ్చు. ఇది పేదవాడికీ ఉంది. ఉందని తెలిసినవాళ్లే లేరు. నేను అడిగితే కొందరు జూనియర్లకే తెలియదు.

ఆ దరఖాస్తు నమూనా తెలుగులో రాసి కాపీలు తీయించాను, తలుపు దగ్గర బల్ల మీద పెట్టారు. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి. ఇక ప్రశ్నలు. ముందు ఆ కిటికీ దగ్గర ఇందాకట్నుంచీ చెయ్యెత్తి ఉన్న అమ్మాయికి మైకు ఇవ్వండి.